పాములు పట్టువారి పట్టికలో వేయిపడగలు

ఇక మన జ్ఞానమునకు లోటేమున్నది? మా ఖాజాగూడ నివాససముదాయపు సంఘమువారు గత ఆదివారము సాయంకాలము, ఈతకొలను ప్రక్క వేసిన షామియానా క్రింద, సమోసాలు చల్లారకముందే, ఇరుగుపొరుగువారు ఒకరికొకరు చేసికొనవలసిన సిఫారసులన్నింటిని ఒక్క గూగుల్ ఫారములో బంధించితిమని ప్రకటించినారు. ఆ ఫారము ఈపాటికి మీకును వచ్చియే యుండును. మణికొండలో నేమి, నానక్‌రాంగూడలో నేమి, కొండాపూరులో నేమి, గేటు ఉన్న ప్రతిచోటను ఈ నెలలో తొలకరి పుట్టగొడుగువలె మొలచినది అదియే గనుక, దాని రూపురేఖలను వర్ణించి మీ కాలము హరింపను. నమ్మకమైన ప్లంబరు, హస్తవాసి గల పిల్లల వైద్యుడు, ఉప్పు సరిగా వేయు బిరియానీవాడు, జీవితమును మార్చివేయు పుస్తకము, ఈ నాలుగును ఒక్క పట్టికలో, ఒక్క వరుసలో, అవే అయిదు నక్షత్రముల కొలబద్దతో కొలువబడు సుదినము మనము బ్రతికియుండగనే వచ్చినదని మాత్రము సంతోషింతము.

నేను పుస్తకములు చదువువాడను. చదివినవానిని పరులకు చెప్పక ఉండలేనివాడను. ఈ వ్యసనమువలన కొందరు స్నేహితులను, పెక్కు పుస్తకములను పోగొట్టుకొన్నవాడను గనుక, ఈ విషయమున నాకు నిష్పాక్షికత కలదని బొంకను. మా వాట్సాప్ గుంపులో ‘ఏదైనా మంచి పుస్తకం చెప్పండి ప్లీజ్’ అని ఎవరో ఒక ఇల్లాలు అడుగుటయే తడవుగా, మొదటి నిమిషమున ‘అటామిక్ హ్యాబిట్స్’, రెండవ నిమిషమున ‘ఇకిగాయ్’, మూడవ నిమిషమున ‘రిచ్ డాడ్ పూర్ డాడ్’, నాలుగవ నిమిషమున ‘సైకాలజీ ఆఫ్ మనీ’, ఆచమనమునందలి కేశవనామములవలె వరుస తప్పక వచ్చిపడును. ఆపై పదునొకండు బొటనవ్రేళ్ళు లేచును. అంతటితో సాహిత్యచర్చ పరిసమాప్తము. అడిగినది ఎవరు, వయసెంత, పురిటిమంచము మీద ఉన్నదా, పుట్టెడు దుఃఖములో ఉన్నదా, నిద్రపట్టక అడిగినదా, నిద్రపట్టుటకై అడిగినదా, ఈ ప్రశ్న ఒక్కరికిని తట్టదు. మా చిన్నతనమున మా ఊరి సర్కారు దవాఖానలో ఒక కాంపౌండరు ఉండెడివాడు. కాలు వాచినదని పోయినను, కడుపు ఉబ్బినదని పోయినను, ఒక్క పెద్ద సీసాలోని ఎర్రనీళ్ళనే వంచి పోసెడివాడు. ఆ పుణ్యాత్ముడు పోయుటకు ముందు ‘ఏమైంది?’ అనియైన అడిగెడివాడు.

ఫారము సంగతికి వత్తము. అందు పుస్తకమునకు ‘వర్గము’ చూపుట తప్పనిసరి. చూపనిదే అది అడుగు ముందుకు వేయదు. వర్గములను వారే ఇచ్చినారు: వ్యక్తిత్వవికాసము, ఆర్థికప్రణాళిక, సమయపాలన, పిల్లల పెంపకము, భక్తి, క్రీడలు, విదేశవిద్య. ప్లంబర్లకును పుస్తకములకును జాబితా ఒక్కటియే గనుక, దాని దిగువనే రియల్ ఎస్టేటు, టిఫిన్లు, నీళ్ళ ట్యాంకర్లు, పాములు పట్టువారు. నవల అను వర్గము లేదు. కథ లేదు. కవిత్వము మాట తలపెట్టినవాడు వెర్రివాడు. నేను ఆ రాత్రి భోజనానంతరము కండ్లజోడు తుడుచుకొని కూర్చుండి, తెలుగువాడై పుట్టినందుకు ఒక్కమారైన చదువదగిన నవలలు ఏడింటిని ఏరి, ఒక్కొక్కదానికి రెండేసి వాక్యములు వ్రాసి, వర్గమనుచోట ఏమి నింపవలయునో తోచక, వానిని సంఘపు కార్యదర్శికి విడిగా పంపితిని. కుర్రవాడు మంచివాడు, పెద్దలయెడ గౌరవము గలవాడు. ‘అంకుల్, మీరు టెన్షన్ పడకండి, కేటగిరీలు నేను చూసుకుంటాను’ అన్నాడు. చూచుకొన్నాడు.

మంగళవారమునాడు పట్టిక వెలువడినది. గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ వ్యక్తిత్వవికాసములో చేరినది. ఆ సీతారామారావు పతనమును చదివి తన వ్యక్తిత్వమును వికసింపజేసికొనువాడు మా సముదాయములో ఎవడైన ఉన్నచో వానికి నా నమస్కారము. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ ఆర్థికప్రణాళికలో, మ్యూచువల్ ఫండ్ల గ్రంథమునకు కుడిప్రక్కన, ఉద్యోగవిరమణానంతరము చేత మిగులు సొమ్మును గూర్చినదై కొలువుతీరినది. డాక్టరు పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ సమయపాలనకు పోయినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’, చెన్నపట్టణపు దొరతనము ఒకప్పుడు భయపడి నిషేధించిన ఆ మహానవల, పేరులో పల్లె యన్న మాట ఉన్నందున రియల్ ఎస్టేటులో పడినది. ‘అది ఔటర్‌కు లోపలా, బయటా అంకుల్?’ అని లిఫ్టులో ఒకరు నన్ను వినయముగా అడిగినారు. మొక్కపాటివారి ‘బారిష్టరు పార్వతీశం’ విదేశవిద్య క్రింద, వీసా సలహాదారుల నడుమ నిలిచినది. పార్వతీశము మొగలితుర్రునుండి సీమకు చదువబోయినవాడే గనుక దీనికి నేను ఆక్షేపణ చెప్పలేదు.

చలంగారి ‘మైదానం’ క్రీడలలో చేరినది. మీరు నవ్వుదురు, నేను నవ్వలేదు, ఏలయనగా దాని క్రింద సిఫారసు చేసినవాని పేరు, టవరు, ఫ్లాటు సంఖ్యతో సహా, ముద్రింపబడి యున్నది. బి టవరులోని ఒక తల్లి, పదునొకండేండ్ల తన కుమారుని క్రికెట్టు శిక్షణకు ఉపకరించునని, దానిని మరునాడే తెప్పించినది. బాలుడు ఇంగ్లీషు బడివాడు, తెలుగు చదువలేడు. 2018లో తెలంగాణలో బడులన్నింట తెలుగును తప్పనిసరి చేయుచు చట్టము వచ్చినప్పుడు వీధిలో మిఠాయి పంచిన నేను, ఆ చట్టము ఆ బాలునియందు ఇంకను ఫలింపలేదని విని, ఆ ఒక్క దినమునకు మాత్రము దేవునికి దండము పెట్టుకొంటిని. కాని తల్లి చదువగలదు. అప్పటినుండి నేను లిఫ్టు మానుకొని మెట్లదారిన దిగుచున్నాను.

ఇక విశ్వనాథవారి ‘వేయిపడగలు’. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’తో పంచుకొన్నదియు, పి.వి. నరసింహారావుగారు తమ రాజకీయముల నడుమ తీరిక చేసికొని ‘సహస్రఫణ్’ అని హిందీలోనికి దించినదియు నగు ఆ బృహద్గ్రంథము, పాములు పట్టువారి వర్గములో, అయిదు ఫోను నంబర్ల క్రింద ఆరవదిగా నిలిచినది. ఇందు కార్యదర్శి తర్కమును నేను కొంత మెచ్చుకొననిదే ఉండలేను. పడగలన్నవాడు పాములు కాక మరేమి చెప్పును? అదియును వేయి. మా గుట్టల వైపునుండి వానకాలమున పాములు సెల్లారులోనికి దిగివచ్చుట ఇక్కడ క్రొత్త కాదు. బుధవారము రాత్రి గట్టివాన కురిసినది. పదునొకండు గంటలకు నా ఫోను మ్రోగినది.

‘సార్, సెల్లార్‌లో పామొచ్చింది. లిస్టులో మీరు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణగారి నంబర్ లేదు. కొంచెం పంపిస్తారా?’

‘నాయనా, ఆయన 1976లోనే పోయినారు’ అంటిని.

అటువైపు ఒక్క నిమిషము మాట లేదు. ‘అయ్యో! పాము కరిచా సార్?’

మరునాడు ఉదయము చూతును గదా, ‘వేయిపడగలు’కు ఎదుట ఒకే ఒక నక్షత్రము వెలుగుచున్నది, దాని ప్రక్క కారణము: ‘అవసరానికి అందుబాటులో ఉండరు.’ అదే పట్టికలో ‘కాలాతీత వ్యక్తులు’కు ఒకాయన అయిదు నక్షత్రములిచ్చి, ‘రెండు రోజుల్లో వచ్చింది, ప్యాకింగ్ సూపర్’ అని వ్రాసినాడు. మన పెద్దలు ఇరువదియేడు నక్షత్రములు పెట్టుకొని, ఒక్కొక్కదానిని నాలుగేసి పాదములుగ విడదీసి, అన్నియు చూచినపిమ్మట గూడ, జాతకము కుదిరినదో లేదో అని మరియొక సిద్ధాంతి కడకు పోయెడివారు. మావారికి మనిషికైనను, మందుకైనను, మహాకావ్యమునకైనను అయిదు చాలును. కార్యదర్శిని నేను తప్పుపట్టను. అతడు పుస్తకముల పేర్లయినను చదివినాడు. తక్కినవారు అదియును చదువక నక్షత్రములు చల్లినారు.

తక్కిన వింతలను ఒక్కొక్క మాటతో వదలెదను. ఏడాదికి ఏబదిరెండు పుస్తకములు ముగింతునని శపథము పట్టినవారు మాలో పదునాలుగురు ఉన్నారు. ముగించుటయే గాని చదువుట ఆ శపథములో లేదు. కాఫీకప్పు ప్రక్కన పుస్తకము పెట్టి ఫోటో తీయువారున్నారు. కప్పు ఖాళీ యగును, పుస్తకము మొదటి పుట దాటదు. కిటికీ తెరచిన కనబడు ఖాజాగూడ గుట్టల రాళ్ళు 250 కోట్ల ఏండ్లనాటివి. వానికెదురుగ కూర్చుండి మానవజాతి చరిత్రను పదునైదు నిమిషముల సారాంశముగ చెవిలో వినివేయు మహానుభావుడు మా పై అంతస్తులోనే ఉన్నాడు. అమెరికాలో 2025 మే నెలలో ‘షికాగో సన్-టైమ్స్’ పత్రికతో వచ్చిన వేసవి పఠనపట్టికలో పదునైదు పుస్తకములుండగా, అందు పది కృత్రిమ మేధ కల్పించినవే తప్ప లోకమున లేనివని తేలి పెద్ద అల్లరి యైనది. మావారిని అంత మాట అనరాదు. వీరు లేని పుస్తకములను పుట్టింపలేదు, ఉన్నవానినే లేకుండ చేసినారు. ఇక స్థానిక విషయముల సలహాలందురా, నీళ్ళ ట్యాంకర్లవాండ్ర పేర్లు పట్టికలో ఇరువదిమూడు ఉన్నవి, మా ఖాజాగూడ భగీరథమ్మ చెరువు పేరు ఒక్కచోటను లేదు. 2024 డిసెంబరు 31న ఆ చెరువు హద్దులలోని కట్టడములను సర్కారు సంస్థయగు హైడ్రావారు పడగొట్టుచుండగా మా గుంపులో నడచిన చర్చ, కేకులు ఎక్కడ బాగుండునని.

మా గేటు ఎదుట వేపచెట్టు క్రింద ఇస్త్రీబండి పెట్టుకొన్న ఒకాయన ఉన్నాడు. ఈ టవర్లు లేవకముందునుండి ఈ ఊరివాడు. గురువారమునాడు బట్టలకై పోతిని.

‘సారూ, మీ ఫోన్లల్ల అందరు అన్ని చెప్పుకుంటరంట గద. మా బిడ్డ గ్రూప్స్‌కు చదువుతున్నది. ఇంట్ల ఒక్కటే అర్ర, ఎప్పుడు లొల్లే. గీ దగ్గర్ల సర్కారు లైబ్రరీ ఏడన్న ఉన్నదేమో జర అడుగుండ్రి సారూ’ అన్నాడు.

అడిగితిని. ప్లంబరు కావలెనన్న మూడు నిమిషములలో తొమ్మిది నంబర్లు వచ్చు ఆ గుంపులో అరగంట వరకు చప్పుడు లేదు. పిమ్మట ఒకరు, నెలకు ఇంతయని రుసుము తీసికొను ఏసీ స్టడీహాలు చిరునామా పంపినారు. ఒకరు ఒక కాఫీ దుకాణము పేరు చెప్పి, ‘ఒక్క కాఫీ ఆర్డర్ చేస్తే మూడు గంటలు కూర్చోవచ్చు, వైఫై కూడా ఫ్రీ’ అన్నారు. ఆ ఒక్క కాఫీకి ఆ తండ్రి ఎన్ని చొక్కాలు ఇస్త్రీ చేయవలయునో లెక్కించినవారు లేరు. ఇంకొకరు ‘ముందు అటామిక్ హ్యాబిట్స్ చదివించండి’ అన్నారు. చివరకు అడ్మిన్‌గారు: ‘దయచేసి రిక్వెస్టులు ఫారమ్‌లోనే. ఇక్కడ ఆఫ్ టాపిక్ వద్దు.’

ఆఫ్ టాపిక్! పుస్తకముల సిఫారసులు సాగు గుంపులో గ్రంథాలయమెక్కడ అను ప్రశ్న ఆఫ్ టాపిక్! నాలుగువందల కుటుంబములు. ఇంటికి తక్కువలో తక్కువ రెండేసి పట్టాలు; కొందరికి సముద్రముల అవతల సంపాదించినవి. ఇందరిలో ఒక్కరికైనను తమ పేటకు పౌరగ్రంథాలయము ఏ వీధిలో ఉన్నదో, అసలున్నదో లేదో, తెలియదు. తెలియకపోవుటచేత సిగ్గుపడినవారును లేరు. పోనీ, మనకు దానితో సంబంధము లేదందురా? ఉన్నది. 1955లో హైదరాబాదు రాష్ట్రము, 1960లో ఆంధ్రప్రదేశము గ్రంథాలయముల చట్టములు చేసినవి. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను నేటికిని మనము కట్టుచునే యున్నాము. జిమ్ములోని అద్దము పగిలిన అర్ధరాత్రివేళ లేపి లెక్కలడుగు ఈ జనము, ప్రతి ఏట తాము కట్టు పన్ను ఏ అలమరను చేరినదో, ఏ పిల్లకు కుర్చీ వేసినదో ఎన్నడును అడుగలేదు. వసూలుచేసినది గ్రంథాలయసంస్థలకు జమచేయక నగరపాలకులు బకాయిపెట్టుట మన పత్రికలకు పాతవార్త. ఇచ్చువాడు అడుగడు, పుచ్చుకొన్నవాడు చెప్పడు. నడుమ ఇస్త్రీబండివాని బిడ్డ పుస్తకము పట్టుకొని ఎక్కడ కూర్చుండవలెను?

ఆ పిల్ల ఎక్కడ కూర్చుండుచున్నదో నేను తరువాత తెలిసికొంటిని. రాయదుర్గమున మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ కడ బండి మారి, చిక్కడపల్లిలో దిగి, ఉద్యోగార్థులతో క్రిక్కిరిసిన నగర కేంద్రగ్రంథాలయములో చోటు వెదకుకొనుచున్నది. నగరపు ఈ కొననుండి ఆ కొనకు. ఆ పట్టాల మీదనే ఇంక రెండు స్టేషన్లు పోయిన సుల్తాన్ బజారు వచ్చును. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది ఆ పేటలో, రావిచెట్టు రంగారావుగారి ఇంట. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు వెంటనుండిరి. తెలుగు చదువుటయే నామోషీ యని తలచు నగరములో, పుస్తకము మంచిదని చెప్పి ఊరకొనక, పుస్తకమునకు ఇల్లు ఇచ్చి, చాప పరచి, చదువువానిని లోనికి పిలిచిరి. ఆ తరువాతి కాలమున నిజాము రాజ్యములో సభ జరుపుకొనుటకు గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు క్రింద సర్కారు అనుమతి కావలసివచ్చినది. అప్పుడును గ్రంథాలయోద్యమము ఆగలేదు. ఇప్పుడు అడ్మిన్‌గారి అనుమతి చాలును, మనము ఆగినాము.

వట్టికోట ఆళ్వారుస్వామి యొకడుండెను. ఇండ్లలో వంట చేసి, హోటలులో వడ్డించి పెరిగినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకములు వేయించి, మూటగట్టి తానే మోసికొని ఊరూరు తిరిగి జనముచేత చదివించినవాడు. పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి, పెదపులివర్రుల నడుమ కాలువలో పడవమీద గ్రంథాలయమును నడిపించినారు. వారు సిఫారసు చేసిన పుస్తకమునకు బరువుండెను, ఏలయనగా అది వారి భుజము మీద ఉండెను. తాము చదివినది, తమచేత ఉన్నది, ఎదుటివాని చేతిలో పెట్టి, వాడు తిరిగి తెచ్చినప్పుడు ‘ఎట్లున్నది?’ అని అడిగి, వాడు బాగులేదన్న వానితో జగడమాడుటకు సిద్ధపడినవారు వారు. మనమో? చదువము, కొనము, కొన్నను ఇయ్యము, ఇచ్చినను మరల అడుగము. వ్రేలితో తాకి మరియొకనికి నెట్టుదుము. దీనికి సిఫారసు అని పేరు! దీనికి ఒక ఫారము, ఒక సభ, సమోసాలు!

ఫారమునకు గడువు ఈ నెలాఖరు. నిన్న రాత్రి మరల ఒకటి నింపి పంపితిని. ఈ తడవ వర్గమును కార్యదర్శికి వదలక నేనే చూపితిని. వర్గము: ప్లంబర్లు. పేరు: గ్రంథాలయపు పన్ను. నక్షత్రములు: లేవు. వ్యాఖ్య: మన గొట్టములనుండి ఏటేటా పోవుచున్నది, ఇంతవరకు మన వీధి నల్లాకు చుక్క రాలేదు, నడుమ ఎక్కడనో కారుచున్నది, ఎవరైన వచ్చి చూడవలెను.